చిక్కడపల్లి సెంటర్‌లో మాడిన పాల వాసన

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, నన్ను చిక్కడపల్లి సెంటర్‌కి వేశారు. అప్పటికి నేను బేకరీ విభాగంలో సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌ని. పదవీ విరమణ దగ్గరపడుతోంది. మా శిక్షణ సంస్థ అసలు భవనం బషీర్‌బాగ్ వైపు ఉండేది. పైకప్పు కురుస్తోందని దాన్ని మరమ్మతులకు ఖాళీ చేయించి, ఒక్కో విభాగాన్ని ఒక్కో అద్దె ఇంటికి పంపారు. టైలరింగ్ వాళ్లకు నారాయణగూడ మార్కెట్ వెనక గాలీ వెలుతురూ ఉన్న హాలు దొరికింది. మాకు చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి అశోక్‌నగర్ వైపు పోయే ఒక సందులో పాత ఇంటి కింది అంతస్తు దొరికింది.

మా శాఖలో ఇన్‌స్ట్రక్టర్ అంటే పాఠం చెప్పి వెళ్లిపోయే మనిషి కాదు. స్టోరు తాళాలు, గ్యాసు భద్రత, ట్రైనీల హాజరు, కోర్సు చివర జరిగే ప్రాక్టికల్ పరీక్ష అన్నీ ఆ ఒక్కరి మీదే ఉంటాయి. పైన సెంటర్ ఇన్‌ఛార్జి ఉంటారు గాని, ఆయన అన్ని సెంటర్లకూ ఒక్కరే. ఎప్పుడో ఒకసారి వచ్చి చూసి పోతారు. కింద ఒక అటెండరు. మా అటెండరు పేరు మల్లేశం.

నేను చెప్పే కోర్సు ఇంట్లో చేసుకునే కేకులు, బిస్కెట్లు, బ్రెడ్డు. మూడు నెలల కోర్సు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది రాంనగర్, చిక్కడపల్లి చుట్టుపక్కల గృహిణులు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలు కూడా ఒకరిద్దరు చేరేవారు. మైదా జల్లించడంతో మొదలుపెట్టేదాన్ని. ఎందుకు జల్లించాలో చెప్పేదాన్ని: ఉండలు పోవడానికి కాదు, పిండిలోకి గాలి పోవడానికి. తర్వాత వెన్న, చక్కెర తెల్లగా నురగలా అయ్యేదాకా గిలక్కొట్టడం. టిన్నుకు వెన్న రాసి, మైదా చల్లి, దులపడం. పిండి టిన్నులో పోయకముందే ఓవెన్ వేడెక్కి ఉండాలన్న నియమం. కొత్తవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది ఆ చివరిదే.

ఆ ఇంటి వెనక గది మా ల్యాబ్. చూడటానికి అది వంటగదే గాని, మా కాగితాల్లో దాని పేరు ల్యాబ్. ఇంటి యజమాని తాతల కాలంలో అక్కడ పెళ్లిళ్లకు మిఠాయిలు వండేవారట. వెనక గోడకు ఆనుకుని పెద్ద భట్టీ పొయ్యి ఉండేదట. భట్టీని ఎప్పుడో పగలగొట్టేశారు. దాని చిమ్నీ మాత్రం గోడలోనే మిగిలిపోయి, పై అంతస్తు గుండా డాబా మీదికి పోయింది. మా గ్యాస్ ఓవెన్ పొగ గొట్టాన్ని ఆ పాత చిమ్నీలోకే కలిపారు. ఓవెన్ బిగించిన రోజు మెకానిక్ డాబా ఎక్కి, చిమ్నీ నోరు తెరిచే ఉందని, పొగ బాగానే లాగుతోందని చూసి దిగాడు. నేనూ కింద నిలబడి అగరబత్తి వెలిగించి గొట్టం దగ్గర పట్టుకుని చూశాను. పొగ నిటారుగా లోపలికి పోయింది.

ఆ గోడ మీద మనిషి ఎత్తున ఒక నల్లటి మరక ఉండేది. సున్నం వేయిస్తే మాయమయ్యేది. కొన్నాళ్లకు మళ్లీ, ముందు అంచులు, తర్వాత నడిమి భాగం, మెల్లగా పైకి తేలేది. పాత మసి ఇటుకల్లోంచి ఊరుతోందని మేస్త్రీ అన్నాడు. అది నిజమే కావచ్చు. కానీ ఆ మరకకు వీపు పెట్టి నిలబడటానికి ట్రైనీలు ఎవరూ ఇష్టపడేవారు కాదు.

పై అంతస్తులో ఆడపిల్లల హాస్టల్ ఉండేది. పెద్ద గదులను ప్లైవుడ్ అడ్డాలతో చిన్నచిన్న గదులుగా చేసి కిరాయికి ఇచ్చారు. దాన్ని చూసుకునే ఆవిడను అందరూ విజయక్క అనేవారు.

ఇక సుగుణ సంగతి. నలభై దాటిన మనిషి. రాంనగర్‌లో ఉండేది. భర్త అశోక్‌నగర్‌లో జిరాక్సు షాపు నడిపేవాడు. చేరడానికి వచ్చిన రోజే తనంతట తాను నా దగ్గరికి వచ్చి చెప్పింది.

“మేడం, ముందే ఒక మాట చెప్తున్న. నాకు వాసన రాదు. కరోనా వచ్చి పోయినంక పోయింది. మల్ల వస్తది అన్నడు డాక్టరు. వస్తలేదు.”

మరి బేకరీ కోర్సు ఎందుకని అడిగాను.

“పొయ్యి మీద కూర మాడినా తెలుస్తలేదు మేడం. ఒకనాడు అన్నం బొగ్గయింది. మా అత్తమ్మ ఇగ పొయ్యి కాడికి రానిస్తలేదు. నువ్వు కూసో, నేను చేస్త అంటది. ఎంతకాలం కూసుంట? ఇక్కడైతే కొలత ఉంటది, టైం ఉంటది కదా. ముక్కుతోని పనుండదనుకున్న.”

బేకింగ్‌లో సగం పని ముక్కుదే. ఈస్టు పులిసిందా లేదా, బిస్కెట్టు అడుగు రంగు తిరిగిందా లేదా, కంటికంటే ముందు ముక్కుకే తెలుస్తుంది. అయినా ఆమె ఆలోచనలో తప్పు లేదనిపించింది. ఒక్క షరతు పెట్టాను. గ్యాస్ వాల్వు, ఓవెన్ మంట ఆమె ముట్టకూడదు. వంటగ్యాసుకు ఘాటు వాసన కలిపేదే లీకైతే మనిషికి తెలియాలని. ఆ వాసన తెలియని మనిషి చేతికి వాల్వు ఇవ్వకూడదు. సరేనంది.

ఆమె నేర్చుకున్న తీరు నాకిప్పటికీ జ్ఞాపకం. కేకు ఉడికిందో లేదో చూడటానికి మూడు నాలుగు దారులున్నాయి. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. వేలితో నొక్కితే పైకి లేవాలి. అంచులు టిన్నును వదలాలి. ఇవి కాక ఇంకొకటి ఉంది. టిన్నును బయటికి తీసి చెవి దగ్గర పెట్టుకుంటే, లోపల తడి ఉన్నంతసేపూ సన్నగా చిటపట వినిపిస్తుంది. ఉడికాక ఆ చప్పుడు దాదాపుగా ఆగిపోతుంది. ఆ సంగతి ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను, ఎవరూ పట్టించుకోరు. సుగుణ మాత్రం గుడ్డతో టిన్ను పట్టుకుని, కళ్లు మూసుకుని, ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు తల వంచి వినేది.

మొదటిసారి అది జరిగిన రోజు పాఠం నాన్‌ఖటాయి బిస్కెట్లు. బతుకమ్మ పండగ ముందు రోజులు. నాన్‌ఖటాయికి కావలసింది నెయ్యి, చక్కెర, మైదా, శనగపిండి, కాస్త యాలకుల పొడి. పాల పని లేదు. ఆ రోజు సెంటర్‌లో పాల ప్యాకెట్టే లేదు. పిండి ఉండలు చేస్తున్న సుగుణ ఉన్నట్టుండి తలెత్తింది.

“ఎవరన్న పాలు పెట్టిన్రా పొయ్యి మీద? మాడుతున్నయ్.”

పక్కనున్న అమ్మాయి నవ్వింది. “పాలేడియి అక్కా ఇయ్యాల?”

నేనూ గాలి పీల్చి చూశాను. నెయ్యి, యాలకులు, అంతే. అప్పుడు నాకు తట్టింది. నాకు తట్టిన క్షణానే ఆమెకూ తట్టినట్టుంది. చేతులు గిన్నె మీదే ఆగిపోయాయి.

“నాకు వాసన ఎట్లొచ్చింది మేడం?” అని నెమ్మదిగా అడిగింది. ఆ గొంతులో సంతోషం లేదు.

పోయిన వాసన తిరిగి వచ్చేటప్పుడు ముందుగా లేని వాసనలు వస్తాయని, ఎక్కువమందికి మాడు వాసనే వస్తుందని అప్పటికి చాలామంది నోట విన్నాను. అదే చెప్పాను. డాక్టరును అడగమన్నాను. అడిగితే ఆయనా అదే చెప్పి పంపాడట. కానీ ఇంటి దగ్గర ఆమెకు ఏ వాసనా రాలేదు. బస్సులో రాలేదు. యాలకుల డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టినా రాలేదు. మా ల్యాబ్‌లో, అదీ వెనక గోడ దగ్గర, పాలు అడుగంటి మాడుతున్న వాసన ఒక్కటే వచ్చేది. అదీ రోజూ కాదు.

ఆమె ఊహిస్తోందేమోనని ఒకరోజు పరీక్షించాను. కళ్లు మూసుకోమని, చేయి పట్టుకుని గదంతా అటూ ఇటూ తిప్పాను. ఎటు ఉన్నామో తెలియకుండా రెండు మూడు చుట్లు తిప్పాను. గోడకు బారెడు దూరంలోకి రాగానే ఆమె వేళ్లు నా చేతిలో బిగుసుకున్నాయి. గోడకు దూరంగా తీసుకెళితే వదులయ్యాయి. మళ్లీ తెచ్చాను. మళ్లీ బిగుసుకున్నాయి.

“ఈడనే మేడం,” అంది కళ్లు తెరవకుండా. “ఈడ ఎవరో ఉన్నట్టే ఉంటది.”

దీపావళి వెళ్లింది. చలి మొదలైంది. ఆ సందు చివర రోడ్డు పనులు జరుగుతుండటంతో దుమ్ము పిండిలో పడకుండా కిటికీలు ఎక్కువగా మూసే ఉంచేవాళ్లం. అప్పటినుంచి ఆ గదిలో మిగతావాళ్లు కూడా మారడం గమనించాను. ఒకామె మైదా తూకం వేసి, గిన్నెలో పోసి, మళ్లీ అదే మైదాను తూకం వేస్తూ కూర్చుంది. ఎందుకని అడిగితే వేసినట్టు గుర్తులేదంది. ఇంకొకామె వెనక్కి తిరగకుండానే, “రా అక్కా, నువ్వు గూడ చూడు,” అని పక్కకు జరిగింది. ఆమె వెనక ఎవరూ లేరు. చాలామందికి తలనొప్పి. చెవుల్లో దూది పెట్టినట్టుందని కొందరు. జలుబులు, జ్వరాలు తిరుగుతున్న రోజులు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. హాజరు మాత్రం తగ్గుతూ వచ్చింది.

నా సంగతి కూడా చెప్పాలి. ఒక మధ్యాహ్నం క్లాసు అయ్యాక ఓవెన్ తలుపు తుడుస్తున్నాను. ఎడమ పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. దారి కావాలేమోనని నేను కాస్త జరిగాను. జరిగాక చూస్తే ఎవరూ లేరు. గోడ మీద మరక ఉంది. పైన ఎక్కడో, ఎవరో పాదాలు ఈడుస్తూ నాలుగడుగులు వేసి ఆగిపోయిన చప్పుడు వినిపించింది. హాస్టల్ పిల్లలు కదా అనుకున్నాను. అయినా తుడవడం అక్కడితో ఆపి బయటికి వచ్చాను. బయటికి వచ్చిన కాసేపటికి తల తేలికైంది.

మల్లేశం గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. ఎవరు చెప్పారని అడిగితే, “ఎవరు చెప్పాలె మేడం? నేను తాళం ఏసి పోయేటప్పుడు ఎనక్కి చూస్తలేను. ఎవరో లోపట ఉండంగ తాళం ఏస్తున్నట్టే అనిపిస్తది,” అన్నాడు.

నా పద్ధతిలో నేను చేయవలసింది చేశాను. గ్యాస్ లైనులో ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు రాసి చూశాను. లీకుంటే బుడగలు వస్తాయి. ఒక్క చోట కూడా రాలేదు. రెగ్యులేటర్ మార్పించాను. తర్వాత టిన్నుల అడుగున సన్నటి మసి కనిపించడం మొదలైంది. మంట నీలంగా ఉన్నప్పుడు మసి పట్టదు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే మర్నాడు వస్తానన్నాడు.

ఆ మర్నాడే ప్రాక్టికల్ పరీక్షకు ముందు జరిపే నమూనా పరీక్ష. అంశం సాదా స్పాంజి కేకు. మెకానిక్ వచ్చేలోపు పిండి తయారీ వరకు చూద్దామని, ఓవెన్ వెలిగించి వేడెక్కనిచ్చాను. తలుపు సందులోంచి చూస్తే మంట కొసలు పసుపుపచ్చగా ఊగుతున్నాయి.

స్పాంజిలో అసలు పరీక్ష ఫోల్డింగ్ దగ్గర. గుడ్లు, చక్కెర నురగ వచ్చేలా గిలక్కొట్టి, అందులో మైదాను గరిటెతో కింది నుంచి పైకి మడుస్తూ కలపాలి. తిప్పకూడదు. మధ్యలో ఆపకూడదు. ఆపితే పట్టిన గాలి పోయి పిండి కూర్చుంటుంది. సుగుణ చక్కగా మడుస్తోంది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. సగంలో ఆమె చేయి ఆగింది.

“సుగుణా, ఆపొద్దు. పిండి దిగిపోతుంది,” అన్నాను.

ఆమె గరిటె గిన్నెలో వదిలేసింది. ముఖం పైకప్పు వైపు ఎత్తింది.

“ఇయ్యాల గోడ కాడ లేదు మేడం. పైన ఉంది.”

“ఏముంది?”

“పాలు పెట్టి మర్శిపోయిన్రు. మనిషి లేస్తలేదు.”

అంత మామూలుగా అంది ఆ మాట. కూర దింపాలె అన్నట్టుగా. అని, చేతుల పిండితోనే గది దాటి, ముందరి వాకిట్లోకి, అక్కడినుంచి హాస్టల్ మెట్ల వైపు నడిచింది.

నేను వెంటనే మెయిన్ వాల్వు కట్టేశాను. ఎందుకు కట్టేశానో అప్పటికి నా దగ్గర కారణం లేదు. అందరినీ వాకిట్లోకి వెళ్లమన్నాను. మల్లేశాన్ని రమ్మని చెప్పి నేనూ మెట్లెక్కాను.

విజయక్క ముందు గదిలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పిండి చేతులతో వచ్చిన సుగుణను చూసి లేచి నిలబడింది.

“ఏమైంది మేడం? పిల్లలందరు కోచింగ్‌కి పోయిన్రు. స్వప్న ఒక్కతే ఉంది. తలకాయ నొస్తుందని పండుకుంది. ఈ నడుమ ఎప్పుడు జూసినా గదే మాట.”

“ఏ గది?” అన్నాను.

సుగుణ అప్పటికే చివరి తలుపు ముందు నిలబడి ఉంది. లోపల గడియ పెట్టి ఉంది. తలుపు కింద సందులో పాత దుప్పటి ముక్క కుక్కి ఉంది. బయటి మాటలు వినిపించకుండా చదువుకునే పిల్లలు అలా కుక్కుకుంటారని విజయక్క చెప్పింది. పేరు పెట్టి పిలిచాం. కొట్టాం. లోపల ఏదో సన్నగా చిటపటమంటోంది తప్ప పలుకు లేదు. విజయక్క తటపటాయించింది. మల్లేశం నా వైపు చూశాడు. పగలగొట్టమన్నాను. ప్లైవుడ్ తలుపు కాబట్టి రెండు తాపులకు గడియ ఊడింది.

అప్పుడు మొదటిసారి ఆ వాసన నాకూ వచ్చింది. పాలు అడుగంటి, మాడి, బొగ్గయిన వాసన. మల్లేశానికీ వచ్చింది, విజయక్కకూ వచ్చింది. నేల మీద చిన్న కరెంటు పొయ్యి ఎర్రగా కాలుతోంది. దాని మీద గిన్నె నల్లబడి ఉంది. మంచానికీ గోడకూ మధ్య స్వప్న ఒరిగి పడి ఉంది. ముఖం పాలిపోయి లేదు. ఎండలో నడిచి వచ్చిన మనిషిలా ఎర్రగా ఉంది.

ఆ గోడ మా ల్యాబ్ గోడే. కింది నుంచి అలాగే పైకి వచ్చింది. దాని మీద ఆ అమ్మాయి చదువు కోసం పెద్ద భారతదేశ పటం అంటించుకుంది. కిటికీ మూసి ఉంది, ఫ్యాను తిరగడం లేదు. అయినా ఆ పటం నడిమి భాగం మెల్లగా గదిలోకి ఉబ్బి, మళ్లీ గోడకు అంటుకుని, మళ్లీ ఉబ్బుతోంది. నేను చూసినవాటిలో ఇప్పటికీ కళ్ల ముందుకు వచ్చేది అదే.

పొయ్యి తీగ పీకేసి, ముగ్గురం కలిసి అమ్మాయిని బయట నడవలోకి లాగాం. విజయక్క కిటికీలన్నీ తెరిచింది. సుగుణ ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుని, “లెవ్వు బిడ్డా, జర కండ్లు తెర్వు,” అంటూనే ఉంది. ఆ పిల్ల జుట్టు నిండా మైదా అంటింది. మల్లేశం నూట ఎనిమిదికి ఫోన్ చేశాడు. అంబులెన్సులో ఎక్కించేటప్పటికి అమ్మాయి ఊపిరి ఉంది, తెలివి లేదు. ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద పెట్టారు. సాయంత్రానికి కళ్లు తెరిచింది.

అగ్నిమాపక శాఖ నుంచి ఒక అధికారి వచ్చారు. ఆయన, మా మెకానిక్ కలిసి డాబా ఎక్కారు. నేనూ ఎక్కాను. చిమ్నీ నోటి మీద గ్రానైట్ బండ ఒకటి పరిచి, చుట్టూ సిమెంటు పూసి ఉంది. పావురాలు గూళ్లు కట్టి గలీజు చేస్తున్నాయని హాస్టల్ యజమాని మూయించాడట. కింద మా ఓవెన్ పొగ పోయేది అందులోంచేనని ఎవరూ ఆలోచించలేదు. స్వప్న గదిలో పటం తీసి చూస్తే, వెనక గోడలో, చిమ్నీలోని మసి తీయడానికి పాతకాలంలో పెట్టిన తొర్ర. దానికి తలుపు లేదు, అట్టముక్క అడ్డం పెట్టి ఉంది.

అధికారి మా అందరినీ కూర్చోబెట్టి వివరించారు. గాలి చాలని మంటలోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కొద్దిగా పీలిస్తే తలనొప్పి, మతిమరుపు, లేని చప్పుళ్లు వినిపించడం, పక్కన మనిషి ఉన్నట్టు అనిపించడం. ఎక్కువైతే నిద్ర. పోయే దారి మూసుకుపోవడంతో అది కొంత మా గదిలోకి వెనక్కి వచ్చింది, ఎక్కువ భాగం స్వప్న గదిలో నిండింది. ఆ మాటలు విని మా ట్రైనీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మల్లేశం ఊపిరి వదిలాడు.

“ముందుగా ఎవరు గుర్తుపట్టిన్రమ్మా?” అని అడిగారు అధికారి.

అందరూ సుగుణ వైపు చూశారు.

“మీకు ఎట్ల తెలిసింది? మాడు వాసన వచ్చిందా కిందికి?”

“నాకు వాసన రాదు సార్,” అంది సుగుణ.

ఆయన ఆమెను చూసి, నన్ను చూసి, తన కాగితాలు సర్దుకున్నారు.

తర్వాత ఆసుపత్రికి వెళ్లి స్వప్నను చూశాను. జనగామ దగ్గరి పల్లె. తండ్రి వచ్చి మంచం పక్కన కింద కూర్చుని ఉన్నాడు. పరీక్ష దగ్గర పడుతోందని భయంతో తలనొప్పి వస్తోందనుకున్నానని, అందుకే కోచింగ్ మానేసి గదిలోనే చదువుకున్నానని ఆ అమ్మాయి చెప్పింది. గదిలో రోజూ పాలు కాచుకునేదానివా అని అడిగాను.

“లేదు మేడం. పొయ్యి పెట్టనియ్యరు హాస్టల్ల. మా దోస్తు గది ఖాళీ చేసి ఊరికి పోతుంటే ఆ పొద్దుగాల్నే తెచ్చుకున్న. పాలు పెట్టుడు గదే మొదలు.”

నేను ఇంకోసారి అడిగాను. ఆమె ఇంకోసారి అదే చెప్పింది.

చిమ్నీ ఎప్పుడు మూశారని విజయక్కనూ అడిగాను. దీపావళి వెళ్లినాకేనంది. సుగుణ పాలు మాడుతున్నాయన్నది బతుకమ్మకు ముందు. అప్పటికి బండ లేదు. విషవాయువు లేదు. ఆ పొయ్యి ఆ గదిలో లేదు. డాక్టరు చెప్పిన కారణం సుగుణ ముక్కుకు సరిపోతుంది. అధికారి చెప్పిన కారణం మా అందరి భయాలకూ సరిపోతుంది. ఈ రెండిటిలో ఏదీ ఆ తేదీలకు సరిపోదు. ‘మనిషి లేస్తలేదు’ అన్న మాట గురించి సుగుణను అడిగితే, తాను అలా అన్నట్టే గుర్తులేదంది. పాలు పైన మాడుతున్నాయని మాత్రమే అన్నానంది.

చిమ్నీ నోరు తెరిపించి, స్వప్న గదిలోని తొర్రను ఇటుకలతో కట్టించి, ఓవెన్‌కు విడిగా కొత్త పొగ గొట్టం వేయించాక గాని క్లాసులు మొదలుపెట్టలేదు. మొదలైన రోజు సుగుణ అందరికంటే ముందు వచ్చి, వెనక గోడ దగ్గర చాలాసేపు నిలబడింది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

“వస్తలేదు మేడం.”

“మంచిదే కదా,” అన్నాను.

“మంచిదే. గని నాకు గదొక్కటే ఉండె.”

యాలకుల డబ్బా తెచ్చి మూత తీసి ఇచ్చాను. గట్టిగా పీల్చింది. తల అడ్డంగా ఊపి, మూత పెట్టి, ఆప్రాన్ కట్టుకుని మైదా జల్లించడం మొదలుపెట్టింది. ప్రాక్టికల్ పరీక్షలో ఆమె స్పాంజి సమంగా, ఎక్కడా కూర్చోకుండా వచ్చింది. ఇప్పుడు రాంనగర్‌లో ఇంట్లోనే ఆర్డర్లకు కేకులు చేస్తోంది. కరెంటు ఓవెన్ కొనుక్కుంది. వాసన మాత్రం తిరిగి రాలేదని ఈ మధ్య ఫోన్‌లో చెప్పింది.

పదవీ విరమణకు ముందు కొత్తగా చేరిన ఇన్‌స్ట్రక్టర్లకు పని అప్పగించేటప్పుడు రెండు సంగతులు చెప్పాను. ఓవెన్ పొగ ఎటు పోతోందో బిగించిన రోజు చూస్తే చాలదు. ప్రతి బ్యాచ్ మొదట్లో డాబా ఎక్కి చూడాలి, ఎందుకంటే పైన ఉండేవాళ్లు మనకు చెప్పకుండా మార్పులు చేస్తారు. రెండోది, క్లాసులో ఎవరైనా ఏదో తేడాగా ఉందని అంటే, ఆ మాటకు అర్థం ఉన్నా లేకపోయినా, ముందు వాల్వు కట్టేసి మనుషులను బయటికి పంపాలి. ఎట్లా తెలిసిందని అడగడం ఆ తర్వాతి పని. దానికి జవాబు దొరకని సందర్భాలూ ఉంటాయి. అయినా వాల్వు కట్టేయడం ఆలస్యం కాకూడదు.